ఈ-రీడర్ చార్జింగ్: ఎంత పెట్టాలి, ఎప్పుడు తీయాలి, బీరువాలో ఎలా దాచాలి

ఈ-రీడర్ అంటే పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం. అమెజాన్ అమ్మే ఈ-రీడర్ల పేరు కిండిల్, వాటిలో ఒక మోడల్ పేపర్‌వైట్. 2021లో కొత్త పేపర్‌వైట్ వచ్చినప్పుడు, ఒకసారి చార్జింగ్ పెడితే పది వారాలు వస్తుందని అమెజాన్ చెప్పింది. దాంతోపాటే షరతులూ రాసింది: రోజుకి అరగంట చదవాలి, వైఫై ఆపి ఉంచాలి, లైటు 24 మెట్లలో 13 దగ్గర ఉండాలి. లెక్క కడితే 70 రోజులకి 35 గంటలు. రోజూ రాత్రి రెండు గంటలు చదివే మనిషికి ఆ 35 గంటలు రెండున్నర వారాల్లో అయిపోతాయి. "మూడు వారాలకే దిగిపోతోంది, బ్యాటరీ పోయిందా?" అని అడిగేవాళ్లలో చాలామంది బ్యాటరీ నిక్షేపంగా ఉంటుంది. వాళ్లు ఎక్కువ చదువుతున్నారు, అంతే.

నిజంగా చచ్చిపోయిన బ్యాటరీలు కనిపించేది చదవడం మానేసినవాళ్ల బీరువాల్లో. ఎందుకో చూడండి. ఈ రకం లిథియం బ్యాటరీని సున్నా నుంచి నిండుగా 300 నుంచి 500 సార్లు నింపి ఖాళీ చేస్తే దాని సామర్థ్యం 80 శాతం దగ్గరకి వస్తుంది. దాదాపు రోజూ నింపే ఫోన్‌కి అది ఏడాదిన్నర, రెండేళ్ల పని. మూడు వారాలకోసారి నింపే ఈ-రీడర్‌కి ఏడాదికి 17 సార్లే అవుతుంది, పదేళ్లు వాడినా 170. అంటే వాడకం వల్ల అది అరిగిపోయేది చాలా తక్కువ. దాన్ని చంపేవి మూడు: వేడి, నిండుగా నింపి వదిలేయడం, ఖాళీ చేసి మరిచిపోవడం. ఫోన్ల కోసం చెప్పే జాగ్రత్తలన్నీ దీనికి తెచ్చి తగిలించనక్కర్లేదు. ఈ మూడింటినీ కాచుకుంటే చాలు.

వేడికీ నిండుదనానికీ ఉన్న లంకె అంకెల్లో తెలుస్తుంది. 40 శాతం చార్జింగ్‌తో 25 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు ఊరికే పెట్టిన లిథియం సెల్‌లో సుమారు 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో నిండుగా నింపి పెడితే 80. వేడి 40 డిగ్రీలై, చార్జింగ్ 40 శాతమే ఉంటే 85. నిండుగా నింపి 40 డిగ్రీల్లో పెడితే 65. సెల్ తయారీని బట్టి ఇవి కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ వరుస మారదు. లోపల జరిగేది ఇది: బ్యాటరీలో రెండు ధ్రువాలు, వాటి మధ్య ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉంటాయి. గ్రాఫైట్ ధ్రువం వైపు ఒక పల్చటి పొర ఉంటుంది. వేడిలో అది మందమవుతూ కొంత లిథియంని తనలో కట్టేసుకుంటుంది. అలా చిక్కుకున్న లిథియం ఇక చార్జింగ్‌కి పనికిరాదు. వోల్టేజి ఎక్కువగా ఉన్నప్పుడు రెండో వైపు ఎలక్ట్రోలైట్ కూడా విరిగిపోతూ ఉంటుంది.

మామూలు రోజుల్లో చార్జింగ్

ఈ-రీడర్లలో ఉండేది సాధారణంగా 1500 నుంచి 2000 ఎంఏహెచ్ మధ్య పల్చటి పౌచ్ బ్యాటరీ, అంటే మెత్తటి రేకు సంచిలో ఉండేది. సగటు వోల్టేజి 3.7, నిండితే 4.2. ఫోన్ బ్యాటరీలో మూడో వంతు అనుకోండి. అయినా అన్ని రోజులు రావడానికి కారణం తెర. కాగితం మీద అచ్చులా కనిపించే ఈ ఇ-ఇంక్ తెర పేజీ మారేటప్పుడే కరెంటు తీసుకుంటుంది. పేజీ నిలిచి ఉన్నంతసేపు దానికి ఏమీ అక్కర్లేదు.

1. చార్జింగ్ 20, 30 శాతం మధ్యకి దిగినప్పుడు పెట్టండి. 10 కిందకి వెళ్లేదాకా ఆగడం వల్ల లాభం లేదు. "పూర్తిగా దిగాకే పెట్టాలి" అన్న మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంనాటిది, లిథియంకి వర్తించదు.
2. కవర్ తెరిచి, టేబుల్ మీదో గట్టు మీదో పెట్టండి. పరుపు మీద, దిండు కింద, సెట్‌టాప్ బాక్స్ మీద, స్టెబిలైజర్ మీద వద్దు.
3. 80, 90 మధ్య తీసేయండి. ఫోన్లలో ఉన్నట్టు 80 దగ్గర తనంతట ఆగే సెట్టింగ్ చాలా ఈ-రీడర్లలో లేదు, కాబట్టి ఫోన్లో అలారం పెట్టుకోవాలి. 9 వాట్ల అడాప్టర్‌తో పేపర్‌వైట్ నిండుగా ఎక్కడానికి రెండున్నర గంటల లోపే పడుతుంది. 25 నుంచి 85కి గంట, గంటన్నర చాలు.
4. ఊరెళ్తుంటే నిండుగా 100 పెట్టుకోండి. వెంటనే వాడేస్తారు గనక నష్టం లేదు. 100 నింపి నెల రోజులు బల్ల మీద వదిలేయడంతోనే ఇబ్బంది.

చివరి 15, 20 శాతం నత్తనడక నడుస్తుందని కంగారు పడకండి. బ్యాటరీ 4.2 వోల్టులకి చేరేదాకా లోపలి చార్జింగ్ చిప్ (కంట్రోలర్) ఒకే స్థాయిలో కరెంటు పంపిస్తుంది. అక్కడి నుంచి వోల్టేజిని పట్టి ఉంచి కరెంటుని తగ్గించుకుంటూ పోతుంది. నిండాక ఆపేస్తుంది. కిండిల్‌లో అప్పటిదాకా నారింజ రంగులో ఉన్న చిన్న లైటు ఆకుపచ్చగా మారుతుంది. రాత్రంతా తగిలించి ఉంచితే పేలిపోతుందన్న భయం అనవసరం. అయితే ఇంత చిన్న బ్యాటరీకి రాత్రంతా పెట్టాల్సిన అవసరమూ లేదు.

చార్జింగ్ పెట్టి చదివితే బ్యాటరీకి ఏమీ కాదు. దెబ్బ తినేది పోర్టు. మంచం మీద పడుకుని, పిన్ను పొట్టకి ఆనించి చదివితే ఆ బరువంతా బోర్డు మీద సోల్డర్ చేసిన నాలుగు కాళ్ల మీద పడుతుంది. 2018 పేపర్‌వైట్, 2019 మామూలు కిండిల్ దాకా ఉన్న మైక్రో యూఎస్‌బీ పోర్టులకి ఇది పెద్ద జబ్బు. కాస్త కదిలిస్తే ఎక్కుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. చాలామంది దాన్ని బ్యాటరీ జబ్బు అనుకుని బ్యాటరీ మార్పిస్తారు, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

ఏ అడాప్టర్, ఏ కేబుల్

ఇంట్లో ఉన్న 33 వాట్ల ఫోన్ చార్జర్ పెట్టొచ్చా, 65 వాట్ల లాప్‌టాప్ చార్జర్ పెట్టొచ్చా? పెట్టొచ్చు. వాట్లు అడాప్టర్ ఇవ్వగలిగినది ఎంతో చెబుతాయి, తోసేది ఎంతో కాదు. ఈ-రీడర్ ఎక్కువ వోల్టేజి అడగనంతవరకూ ఏ మంచి చార్జరైనా 5 వోల్టులే ఇస్తుంది. ఎంత కరెంటు లాక్కోవాలో ఈ-రీడర్ లోపలి చార్జింగ్ చిప్ నిర్ణయించుకుంటుంది. ఫాస్ట్ చార్జర్ పెట్టినంత మాత్రాన ఫాస్ట్‌గా ఎక్కదు, అంతే తేడా.

భయపడాల్సింది పెద్ద చార్జర్‌కి కాదు, రోడ్డు పక్కన దొరికే పేరులేని చార్జర్‌కి. దాని లోపల 230 వోల్టుల వైపుకీ 5 వోల్టుల వైపుకీ మధ్య ఉండాల్సిన దూరం, ఇన్సులేషన్ సరిగా ఉండవు. కేబుల్ తాకితే చురుక్కుమంటుంది. చార్జింగ్‌లో ఉండగా టచ్ పిచ్చిపిచ్చిగా పనిచేస్తూ పేజీలు వాటంతటవే తిరుగుతుంటే ముందు అడాప్టర్‌ని అనుమానించండి. కొనేటప్పుడు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తూ, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా చూసుకోండి. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన అడాప్టర్ అయితే దాని మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉందో లేదో చదవండి. ఉంటే పిన్ను మార్చే చిన్న కన్వర్టర్ చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

లాప్‌టాప్‌కి తగిలిస్తే నెమ్మదిగా ఎక్కుతుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది అర యాంపు, అందుకే అదే పేపర్‌వైట్‌కి ఐదు గంటలు పడుతుంది. లాప్‌టాప్ మూసేస్తే చాలా మోడళ్లలో ఆ పోర్టుకి కరెంటు ఆగిపోతుంది. రాత్రి పెట్టి పొద్దున చూస్తే అంతే ఉండడానికి కారణం తరచు ఇదే.

టైప్-సి పోర్టున్నా రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఎక్కని చవక పరికరాలు కొన్ని ఉన్నాయి. నేను ఇక్కడ ఉన్నానని చార్జర్‌కి చెప్పే రెండు చిన్న రెసిస్టర్లను తయారీలో వదిలేస్తారు. అలాంటివాటికి ఒకవైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్ వాడితే సరిపోతుంది. రిపేరుకి ఇవ్వకముందు ఇది చేసి చూడండి.

పవర్ బ్యాంక్‌తో ఇంకో తంటా ఉంది. ఈ-రీడర్ నిండబోతుండగా అది తీసుకునే కరెంటు బాగా తగ్గిపోతుంది. పవర్ బ్యాంక్ దాన్ని చూసి ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతుంది. కొన్నింటిలో బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు పరికరాల మోడ్ వస్తుంది. అది లేకపోయినా దిగులు లేదు, అప్పటికి 90 దాటే ఉంటుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో 1700 ఎంఏహెచ్ ఈ-రీడర్‌ని దాదాపు నాలుగుసార్లు నింపుకోవచ్చు.

ఎండాకాలం

కిండిల్ వాడకానికి అమెజాన్ ఇచ్చిన హద్దు 0 నుంచి 35 డిగ్రీలు, వాడకుండా దాచడానికి 45 డిగ్రీల దాకా. రెంటచింతలలో, రామగుండంలో, కొత్తగూడెంలో మే నెల మధ్యాహ్నం నీడలోనే 45 దాటిన రోజులున్నాయి. రేకుల కప్పు గదిలో అంతకన్నా ఎక్కువ. ఎండలో నిలిపిన కారులో 60 దాటుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీదా స్కూటీ డిక్కీలోనూ ఈ-రీడర్ వదలకూడదు. ఐదు నిమిషాల పనికైనా చేత్తో పట్టుకెళ్లండి, ఐదు నిమిషాలు గంటవడం మనకి కొత్త కాదు.

ఎండాకాలంలో చార్జింగ్ తెల్లవారుజామున పెట్టండి. ఇల్లు చల్లగా ఉండే ఆ వేళ గంటన్నర చాలు. రోజంతా ఎండ తాగిన గోడ పక్కన సాయంత్రం పెట్టేకన్నా ఇది మేలు. చార్జింగే కొంత వేడి పుట్టిస్తుంది, దానికి గది వేడి తోడైతే రెండూ కలిసి పని చేస్తాయి. వెనక చేయి పెడితే గోరువెచ్చగా ఉండొచ్చు. చేయి తీసేయాలనిపించేంత కాలితే వెంటనే పిన్ను పీకేసి ఫ్యాన్ కింద పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే చల్లటి బోర్డు మీద తేమ పడుతుంది.

చికాగోలోనో టొరంటోలోనో ఉన్నవాళ్ల సమస్య దీనికి తలకిందులు. జనవరి రాత్రి కారులో ఉండిపోయిన ఈ-రీడర్‌ని ఇంట్లోకి తేగానే చార్జింగ్ పెట్టకూడదు. సున్నా కన్నా చల్లగా ఉన్న సెల్‌లోకి కరెంటు పంపితే లిథియం గ్రాఫైట్ లోపలికి వెళ్లలేక పైనే లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి రాదు. సంచిలోంచి తీయకుండా గంటసేపు గదిలో ఉంచి, ఆ తర్వాత పెట్టండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పోర్టు లోపలి పిన్నులు పచ్చబారతాయి. వానాకాలంలో తడిచిన ఈ-రీడర్‌ని, అది నీటిని తట్టుకునే మోడలైనా, పోర్టు పూర్తిగా ఆరకుండా చార్జింగ్ పెట్టొద్దు. బియ్యం డబ్బాలో కప్పెట్టే అలవాటూ మానండి. బియ్యం కన్నా ఫ్యాన్ గాలే త్వరగా ఆరబెడుతుంది, పైగా తవుడు పోర్టులో ఇరుక్కోదు.

నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు

పరీక్షలనో, పిల్లాడు పుట్టాడనో, ఫోన్లో చదవడం అలవాటైందనో ఈ-రీడర్ బీరువా చేరుతుంది. అక్కడ అది పూర్తిగా ఆగిపోయి ఉండదు. నిద్రలో కూడా కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది, బ్యాటరీ రక్షణ సర్క్యూట్ కూడా కాస్త తీసుకుంటుంది. 10 శాతంతో లోపల పెడితే కొన్ని వారాల్లో సున్నా అవుతుంది. అది దాటాకే అసలు ప్రమాదం. సెల్ వోల్టేజి మరీ కిందకి జారితే లోపలి రాగి రేకు ఎలక్ట్రోలైట్‌లోకి కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జింగ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే చిన్న షార్ట్‌లకి దారి తీస్తుంది. రక్షణ సర్క్యూట్ ఉన్నది అంతదూరం పోనివ్వకుండా ఆపడానికే గానీ, ఏడాది, రెండేళ్ల నిర్లక్ష్యానికి అదీ సరిపోదు.

పెట్టే ముందు 50, 60 శాతం దాకా నింపండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేయండి. పూర్తిగా ఆపే సదుపాయం ఉంటే ఆపండి. కోబో కంపెనీ ఈ-రీడర్లలో పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే నిజంగానే ఆగిపోతుంది. కిండిల్‌లో కనిపించే స్క్రీన్ ఆఫ్ మాత్రం నిద్రే. బీరువాలో కింది అర మంచిది, డాబా కింద ఇళ్లలో పై అర కన్నా చల్లగా ఉంటుంది. ఫోన్ క్యాలెండర్‌లో మూడు నెలలకోసారి గుర్తు పెట్టుకుని తీసి చూడండి. 30 కిందకి దిగితే మళ్లీ 60 చేయండి.

ఇక్కడ ఇ-ఇంక్ ఒక మోసం చేస్తుంది. బ్యాటరీ చచ్చిపోయినా తెర మీద చివరి బొమ్మ అలాగే నిలిచిపోతుంది. బీరువా తీసి చూస్తే నిద్రలో ఉన్నట్టే కనిపిస్తుంది. బటన్ నొక్కి, శాతం చూసి తిరిగి పెట్టండి.

చార్జింగ్ నిలవట్లేదంటే

బ్యాటరీని నిందించకముందు ఒక రాత్రి పరీక్ష చేయండి. పడుకునేముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, శాతం రాసుకుని, నిద్రలో పెట్టండి. పొద్దున చూడండి. ఒక శాతం లోపు తగ్గితే బ్యాటరీ, పరికరం రెండూ బాగున్నాయి, ఖర్చు మీ చదువులోనే ఉంది. ఐదారు శాతం పోతే లోపల ఏదో నిద్రపోవట్లేదు. మర్నాడు వైఫై వేసి అదే చేయండి. రెండు రాత్రుల తేడా వైఫై ఖర్చు.

నిద్రపోనివ్వని వాటిలో మొదటిది ఇండెక్సింగ్. కొత్త పుస్తకం ఎక్కించగానే, లోపల పదాలు వెతకడానికి వీలుగా కిండిల్ దాన్ని చదివి పట్టిక కట్టుకుంటుంది. ఒకేసారి మూడు వందల పుస్తకాలు కుమ్మరిస్తే రోజుల తరబడి ప్రాసెసర్ తిరుగుతూనే ఉంటుంది. ఇరవై, ముప్పై చొప్పున ఎక్కించండి, అదీ చార్జింగ్‌లో ఉండగా. ఏదైనా ఫైల్ పాడై ఉంటే ఇండెక్సింగ్ దాని దగ్గరే ఇరుక్కుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి, ఏ పుస్తకంలోనూ ఉండని అర్థంలేని అక్షరాల వరుస కొట్టి వెతకండి. ఇంకా ఇండెక్స్ కాని పుస్తకాల జాబితాని చాలా మోడళ్లు ఫలితాల్లో చూపిస్తాయి. రెండు రోజుల తర్వాత కూడా అందులో అదే పుస్తకం ఉంటే దాన్ని తీసేసి, మళ్లీ కన్వర్ట్ చేసి ఎక్కించండి.

తెలుగు పాఠకులకి ప్రత్యేకమైన ఖర్చు ఒకటుంది, స్కాన్ పీడీఎఫ్‌లు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో బోలెడు దొరుకుతాయి. అవన్నీ బొమ్మలు. ప్రతి పేజీకీ పెద్ద బొమ్మని విప్పి, ఆరంగుళాల తెరకి కుదించి చూపాలి. అక్షరాలు చిన్నవై మీరు పెద్దది చేస్తే మళ్లీ విప్పాలి, పక్కకి జరిపిన ప్రతిసారీ తెర మళ్లీ గీయాలి. బొమ్మలుగా కాక అక్షరాలుగా ఉండే మామూలు ఈపబ్ పుస్తకంలో ఒక పేజీకి ఒక్కసారి మారే తెర, ఇక్కడ నాలుగైదుసార్లు మారుతుంది. కాబట్టి బరువు పని కంప్యూటర్‌లోనే ముగించండి. కే2పీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాంతో అంచులు కత్తిరించి, మీ తెర కొలతకి పేజీ తయారు చేసుకోవచ్చు. 2021 పేపర్‌వైట్‌కి అది 1236 బై 1648 చుక్కలు. వరుసలు విడగొట్టి మళ్లీ పేర్చే పద్ధతి వాడితే, ఒత్తులు పై అక్షరం నుంచి తెగి కింది వరుసలో పడుతున్నాయేమో ముందు రెండు మూడు పేజీలు చూసుకుని, ఆ తర్వాత మొత్తం పుస్తకం చేయండి. పడుతుంటే కత్తిరింపు వరకే చాలు.

చదివేటప్పుడు ఎక్కువ తినేది లైటు. కిండిల్‌లో 24 మెట్లుంటాయి. చీకటి గదిలో 5, 6 చాలు, పగలు కిటికీ పక్కన సున్నా చేసేయొచ్చు. రంగుల ఇ-ఇంక్ తెర మీద రంగు వడపోత ఉండడంతో తెర ముదురుగా కనిపిస్తుంది, దాంతో లైటు పెంచక తప్పదు. వాటిలో చార్జింగ్ త్వరగా దిగడం సహజం.

పాత 3జీ కిండిల్ ఎవరి దగ్గరైనా ఉంటే, అది లేని సిగ్నల్ కోసం వెతుక్కుంటూ చార్జింగ్ తాగేస్తుంది. అమెరికాలో ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి కేబుల్‌తో పుస్తకాలు ఎక్కించుకోవడమే దారి. చవక కవర్లు కూడా చూడండి. అయస్కాంతం వదులైతే సంచిలో కదిలినప్పుడల్లా తెర నిద్ర లేస్తుంది. ఆండ్రాయిడ్‌తో నడిచే బూక్స్ లాంటివాటిలో వెనక తిరిగే యాప్‌లు ఉంటాయి, వాటి కథ ఫోన్ కథే.

శాతం 40 చూపిస్తూ హఠాత్తుగా 5కి పడిపోతుంటే లెక్క కట్టే చిప్ దారి తప్పి ఉండొచ్చు. ఒకసారి 5 శాతం దాకా వాడి, ఆపకుండా నిండుగా నింపి, ఆకుపచ్చ లైటు వచ్చాక ఇంకో గంట ఉంచండి. సరిపోతే సరే. రెండోసారీ అలాగే పడిపోతే బ్యాటరీ నిజంగానే వీక్ అయింది. ఈ పని నెలనెలా చేయనక్కర్లేదు.

ఆన్ అవ్వకపోతే

1. టార్చి వేసి పోర్టులోకి చూడండి. సంచి నూలు, దుమ్ము గట్టిపడి పిన్ను లోపలిదాకా పోకుండా అడ్డుపడుతుంటాయి. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. గుండుసూది, పిన్నీసు వద్దు.
2. ఫోన్‌కి బాగా పనిచేస్తున్న అడాప్టర్, పొట్టి కేబుల్ తీసుకుని గోడ సాకెట్‌కి పెట్టండి. లాప్‌టాప్‌కి కాదు.
3. తెర మీద ఏమీ రాకపోయినా కనీసం గంట, వీలైతే మూడు గంటలు బటన్ జోలికి పోకుండా వదిలేయండి. 3 వోల్టుల కన్నా దిగిన సెల్‌కి కంట్రోలర్ మొదట చాలా కొద్ది కరెంటే ఇస్తుంది. మధ్యలో పది నిమిషాలకోసారి బటన్ నొక్కితే, ఎక్కిన ఆ కాస్తా ఆన్ అయ్యే ప్రయత్నంలో ఖర్చైపోతుంది.
4. తగిలించి ఉండగానే, కిండిల్ అయితే పవర్ బటన్ 40 సెకన్లు నొక్కి పట్టుకోండి. 40 అంటే నిజంగా 40, గడియారం చూసుకోండి. ఇరవైకే వదిలేసి పోయిందనుకునేవాళ్లే ఎక్కువ.
5. ఇంకా రాకపోతే వేరే కేబుల్‌తో మొదటి నుంచి మరోసారి.

ఇదంతా మీరు ఇంట్లో మేలుకుని ఉన్నప్పుడే చేయండి. ఏడాది దాటి ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ లేచినా, మొదటి చార్జింగ్‌లో బాగా వేడెక్కితే దాన్ని వదులుకోవడమే నయం.

బ్యాటరీ మార్చడం

2012 నుంచి 2015 దాకా వచ్చిన పేపర్‌వైట్‌లలో ముందున్న ప్లాస్టిక్ ఫ్రేమ్ లేపితే స్క్రూలు, వాటి కింద బ్యాటరీ దొరుకుతాయి. ఓపిక ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. 2018 పేపర్‌వైట్ నుంచి ముందు భాగం నీళ్లు చొరకుండా అంటించి ఉంటుంది. లేపబోతే ఇ-ఇంక్ గాజు పుటుక్కున పగులుతుంది, తెర ఖరీదుతో పోలిస్తే ఆ సాహసం దండగ. కోబో 2024లో తెచ్చిన క్లారా, లిబ్రా మోడళ్లకి విడిభాగాలూ మార్చే విధానమూ ఐఫిక్సిట్ అనే రిపేరు వెబ్‌సైట్ ద్వారా దొరుకుతాయి. విప్పి వాడుకునేలా ఉండాలనుకుంటే కొనేటప్పుడే అటు చూడడం మంచిది.

మార్చేముందు పాత బ్యాటరీని 25 శాతం కిందకి దించండి. పొరపాటున గీసుకున్నా మండే శక్తి తక్కువ ఉంటుంది. అంచులు లేపడానికి పాత ఏటీఎం కార్డు వాడండి. ఇనుప బ్లేడు పౌచ్‌ని చీల్చేస్తుంది. జిగురు వదలకపోతే హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి కాసేపు చాలు. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ఎంఏహెచ్ ఒక్కటీ చూసి తీసుకోకండి, పాతదాని మీద అచ్చేసిన పార్ట్ నంబర్, కనెక్టర్‌లో తీగల సంఖ్య, మందం, మూడూ కలవాలి. అదే సైజుకి రెట్టింపు ఎంఏహెచ్ రాసి ఉంటే అది అబద్ధం. అందగానే మల్టీమీటర్ పెట్టండి. 3.6 నుంచి 3.9 వోల్టుల మధ్య ఉంటే బాగున్నట్టు. 3 కన్నా తక్కువుంటే గోడౌన్‌లో ఏళ్లు పడి ఉన్న సరుకు, వెనక్కి పంపండి. కొన్నింటిలో తీగలు బోర్డుకి నేరుగా సోల్డర్ చేసి ఉంటాయి, అవి మొబైల్ రిపేరు తెలిసిన చేతికే ఇవ్వండి. తెరిచాక నీటి రక్షణ పోయినట్టే లెక్క.

అమెరికా నుంచి వచ్చేవాళ్లతో విడి బ్యాటరీ తెప్పించుకుంటే, కనెక్టర్‌కి టేపు చుట్టి చేతిసంచిలో పెట్టుకోమనండి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు విమానంలో చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు.

ఉబ్బితే

వెనక మూత పొంగడం, బల్ల మీద పెడితే గుండ్రంగా తిరగడం, తెర అంచు లేచి సందు కనిపించడం, తెర మధ్యలో ఒక మచ్చ పోకుండా ఉండడం: వీటిలో ఏది కనిపించినా చార్జింగ్ అక్కడితో ఆపేయాలి. ఎలక్ట్రోలైట్ విరిగి పుట్టిన వాయువు పౌచ్‌లో నిండింది. నొక్కి సరిచేయకండి. సూదితో గాలి తీసేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట అస్సలు వినకండి, లోపలికి గాలి, తేమ తగిలితే మంట లేస్తుంది. పరికరాన్ని ఆపి, ఇసుక పోసిన ఇనుప బకెట్‌లోనో గచ్చు మీదనో, పరదాలకీ కాగితాలకీ దూరంగా ఉంచండి.

చెత్త బండిలో వేయొద్దు. బండిలో చెత్తని నొక్కినప్పుడు పౌచ్ పగిలి అంటుకుంటుంది, ఆ బండి మీద మనుషులుంటారు. మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి సేకరించాల్సిన బాధ్యత తయారీదార్లదీ దిగుమతిదార్లదీ. నమోదైన రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీ ఊరికి దగ్గర్లో ఉన్నవాళ్లకి ముందు ఫోన్ చేసి, ఉబ్బిన బ్యాటరీ అని చెప్పి తీసుకెళ్లండి. అమెరికాలో దుకాణాల ముందు పెట్టే బ్యాటరీ డబ్బాలు మామూలు బ్యాటరీలకే. ఉబ్బినదాన్ని అందులో వేయకూడదు, కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పగించాలి.